రెండో బ్రేకు

పోయిన వారం మనం కళ్ళద్దాలాయన్ని నడివీధిలో నిలబెట్టి వచ్చేశాం. లారీ వెనక్కి తగ్గుతోంది, చెక్కల మీంచి కారు కిందికి జారుతోంది, చుట్టుపక్కల షాపుల వాళ్ళు పనులు మానుకుని గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. కథ ఇవాళే చేతికొచ్చిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. కళ్ళద్దాలాయనకి యాభై మూడేళ్ళు, ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపు ఆయనదే. అమ్మానాన్నా చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది. అక్క జనానికి కారు నడపడం నేర్పేది. ఊళ్ళో సగం మంది చేత మొదటిసారి స్టీరింగు పట్టించింది ఆవిడే కాబట్టి అందరూ ఆవిణ్ణి స్టీరింగమ్మ అనేవాళ్ళు. తమ్ముడికి పదిహేడో ఏడు నడుస్తుండగా ఆవిడ ఉన్నట్టుండి ఆ పని మానేసింది. కారు అమ్మేశానంది. ఆ తర్వాత ఏ బండెక్కినా ముందు సీట్లో కూర్చోలేదు. ఎందుకక్కా అంటే "చేతులు నొప్పిరా" అనేది.

ముప్ఫై ఆరేళ్ళు గడిచాయి. అక్క కంటి ఆపరేషన్ చేయించుకుని కట్టుతో పడుకున్న వారంలో తమ్ముడు ఫోన్లో ఒక ప్రకటన చూశాడు. అదే రకం కారు, అదే లేత నీలం రంగు, నంబరు ప్లేటు మీద అవే నాలుగంకెలు. అమ్మేవాడు దూరాన ఎక్కడో ఉన్నాడు. మెత్తటి గొంతు, మర్యాదస్తుడు. ఫొటోలు అడిగితే ముప్ఫై పంపించాడు, ఆఖర్న "అక్కగారిని అడిగానని చెప్పండి" అని కూడా అన్నాడు. ఇంకేం కావాలి, మనవాడు కొనేశాడు. ఆదివారం అక్క కంటి కట్టు విప్పుతారు. విప్పగానే ఆవిడ కంటబడే మొదటి వస్తువు ఆ కారే కావాలని ఆయన కోరిక. అక్కకి ఆయన ఇవ్వగలిగింది ఇన్నేళ్ళలో ఇదొక్కటే తట్టింది.

ఊరందరి కళ్ళూ పరీక్ష చేసేవాడు కారు మాత్రం కంటితో చూడకుండా కొన్నాడని వీధి వీధంతా నవ్వింది. నవ్వదా మరి.

బుధవారం పొద్దున్న టింకరింగ్ మేస్త్రి షెడ్డులో కారు రాళ్ళ మీద కూర్చుని ఉంది. చక్రాలు సోమవారమే ఊడదీశారు. ఇంజను సోమవారం స్టార్ట్ కాలేదు, మంగళవారమూ కాలేదు, ఇక దాని సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మేస్త్రికి అరవై దాటాయి. మనుషులతో మాట్లాడడం కంటే రేకులతో మాట్లాడడం ఆయనకి సుఖం. పాత బనియను గుడ్డలో చుట్టిన అయస్కాంతం ముక్క ఒకటి చేతిలో పట్టుకుని, కారు పైకప్పు వాలు అంచు మీద ముందు నుంచి వెనక్కి మెల్లిగా జరుపుకుంటూ వస్తున్నాడు. ముందు సీటు దాకా అది రేకుని అంటిపెట్టుకునే వచ్చింది. ఆ తర్వాత మేస్త్రి చెయ్యి వదలగానే జర్రున జారి నేల మీద పడింది.

"చూశారా సార్?" అన్నాడు మేస్త్రి.

"చూశాను."

"ఇంకోసారి చూడండి." మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. "ఇక్కడ ఉన్నది రేకు కాదు, లప్పం. నా బొటనవేలంత మందాన మెత్తేశారు. దీని కింద ఏదో దాచారు."

కళ్ళద్దాలాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు చల్లారిపోయింది. ఆయనకి కోపం రావాలి. ఎవరికైనా వస్తుంది. తనకీ వస్తుందేమోనని సోమవారం నుంచి ఎదురుచూస్తున్నాడు కూడా. రావడం లేదు. పన్ను పీకించుకున్నాక పెదవి ఉందో లేదో తెలియనట్టు, లోపల ఏదీ తెలియడం లేదు.

మేస్త్రి ముందు సీట్లు రెండూ ఊడబెరికాడు. కింద పరిచిన రబ్బరు చాప లాగేశాడు, పైకప్పు మీది లప్పం గీకేశాడు. నేల రేకు మీద ఈ చివర నుంచి ఆ చివరకి, తలుపుల మధ్య స్తంభాల మీదుగా పైకప్పు దాకా, వేలెడు వెడల్పున వెల్డింగు చార ఒకటి బయటపడింది.

"ఇది ఒక కారు కాదు సార్," అన్నాడు మేస్త్రి, గొంతు తగ్గించి. "రెండు. ముందు సగం ఒకదానిది, వెనక సగం ఇంకోదానిది. నడుం దగ్గర కోసి అతికించారు. రంగేసి మీకు టోపీ పెట్టారు."

"అతుకు గట్టిదేనా?"

మేస్త్రి ఆయన వంక ఎగాదిగా చూశాడు. ఈ మనిషికి చెప్పింది ఎక్కిందా లేదా అని అనుమానం వచ్చినట్టుంది. "గట్టిదా? స్పీడు మీద ఓ గతుకులో పడితే మీరు ఇటు, మీ వెనక కూర్చున్నవాళ్ళు అటు. ఎన్నేళ్ళ నుంచో రేకులు కొడుతున్నాను, ఇలాంటి బండిని నా చేత్తో రోడ్డెక్కించను. తిట్టుకుంటే తిట్టుకోండి."

"తిట్టను," అన్నాడు కళ్ళద్దాలాయన. నిజంగానే తిట్టలేదు. "ఇందులో మా అక్క కారు ఏ సగం?"

అదీ ఆయన అడిగింది. మోసం చేసినవాణ్ణి ఏం చేద్దామని కాదు, పోలీసుల దగ్గరికి పోదామని కాదు. మేస్త్రికి జాలేసింది. జాలేస్తే ఆయన మాటలు ఆపి పని చేస్తాడు. గరుకు కాగితం తీసుకుని డిక్కీ మూత మీద రంగు గీకడం మొదలుపెట్టాడు. లేత నీలం పోయింది, దాని కింద ఎరుపు వచ్చింది, ఎరుపు కింద ఇంకో నీలం. ఆ నీలం మీద తెల్లటి మరకలు తేలాయి. ఇంకొంచెం గీకేసరికి మరకలు అక్షరాలయ్యాయి.

నేర్చుకుంటున్నారు. కోప్పడకండి.

'కోప్పడకండి'లో చివరి అక్షరం చోటు చాలక కిందికి వాలి ఉంది. అలా వాల్చినవాడు అప్పుడు పదమూడేళ్ళ కుర్రాడు. కుంచె పట్టుకుని, నాలుక బయటపెట్టి, పొద్దస్తమానం కూర్చుని రాశాడు. ఆఖర్న చోటు చాలకపోతే ఏడుపు మొహం పెట్టాడు. "పోనీలేరా, వెనక వచ్చేవాడు నవ్వుకుంటాడు, నవ్వుకున్నవాడికి కోపం రాదు" అంది అక్క. కళ్ళద్దాలాయనకి ఆ మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గుర్తుంది గానీ ఏమీ అనిపించలేదు.

"వెనక సగం మాదే," అన్నాడు.

"ముందు సగం కాదా?"

"మీరే చూసి చెప్పండి. మా అక్క కారుకి బ్రేకులు రెండు. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఒకటి, పక్క సీట్లో కూర్చుని నేర్పే అక్క కాళ్ళ దగ్గర ఇంకోటి."

ఆ రెండో బ్రేకు గురించి స్టీరింగమ్మకి ఒక పట్టింపు ఉండేది, ఊరందరికీ తెలుసు. పాఠం జరుగుతున్నంతసేపూ ఆవిడ కుడికాలు దాని మీంచి లేవదు. దోమ కుట్టినా లేవదు, తుమ్మొచ్చినా లేవదు. నేర్చుకునేవాడు ఆరు నెలల నుంచి నడుపుతున్నా సరే, లేవదు. "వాళ్ళ కాలు తప్పు చెయ్యడానికే ఉంది, నా కాలు తప్పు చెయ్యకూడదు" అనేది. తీసిన రోజున నేను టీచర్ని కాను, వట్టి ప్యాసింజర్ని అని కూడా అనేది.

మేస్త్రి టార్చి వేసుకుని ముందు భాగంలోకి దూరాడు. కాసేపటికి తలొక్కటే బయటపెట్టి అడ్డంగా ఊపాడు. "రెండో బ్రేకుంటే రేకుకి బెజ్జాలుండాలి. లేవు. పూడ్చిన గుర్తు కూడా లేదు. ఈ ముందు సగం ఎవరిదో గానీ మీ అక్కగారిది కాదు."

"మరి మా ముందు సగం ఏమైంది?"

మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు, తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. "సార్, బాగున్న కారుని ఎవరూ సగానికి కోయరు. ముందు భాగం నుజ్జయితేనే వెనక భాగం దాచుకుంటారు."

అమ్మేశానంది అక్క. బంగారంలాంటి బండి, మంచివాళ్ళ చేతుల్లో పెట్టాను అంది. ఎన్నిసార్లంది? లెక్కలేనన్ని సార్లు. ఎప్పుడూ ఒకే మాటలు, ఒకే వరసలో. కథ మారకపోవడమే నిజమనుకున్నాడు ఇన్నేళ్ళూ ఈ అమాయకుడు.

వెనక సీటు దిండు ఎత్తింది కూడా మేస్త్రే. ఆ సీటుకి వెళ్ళడానికి ఒకపక్క తలుపే దారి. రెండోపక్క తలుపు రెండు రోజులుగా కుస్తీ పట్టినా తెరుచుకోలేదు. దిండు ఎత్తి నేల మీద పడేసేసరికి దుమ్ము లేచింది. కింద ఒక దువ్వెన, జుట్టు పిన్నులు, చెల్లని నాణెం ఒకటి, రేకు మడతలో ఇరుక్కుని ఒక కళ్ళజోడు. నల్లటి మందపాటి ఫ్రేము. ఎడమ అద్దం లేదు. కుడి అద్దం మట్టి పట్టి ఉంది గానీ చెక్కు చెదరలేదు.

"మీ సరుకే," అని నవ్వుతూ అందించాడు మేస్త్రి. అందుకున్నవాడి మొహం చూసి నవ్వు ఆపేశాడు.

కళ్ళద్దాలాయన షాపు రోడ్డుకి అవతలే. ఆయన రోడ్డు దాటాడు. అటూ ఇటూ చూడకుండా దాటాడు, ఎవరో హారన్ కొట్టి తిట్టారు. షాపులోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, పవర్ చూసే యంత్రం కింద పెట్టాడు. రోజుకి పాతిక అద్దాలు పెట్టే చోటే అది. చెయ్యి దానంతటదే తిప్పింది, కన్ను దానంతటదే అంకె చదివింది. మామూలు చత్వారం కాదు, దూరపు చూపుది. అడ్డానికి ఒక పవరు, నిలువుకి ఇంకో పవరు, వాలు సరిగ్గా ఇరవై డిగ్రీలు. ఇలాంటి కుడికన్ను ఊరి మొత్తం మీద ఒక్కటే ఆయనకి తెలుసు. దాంతోనే ఇప్పుడు చూస్తున్నాడు.

అయినా అనుమానం ఉంచుకోకూడదని గోడ బీరువా తెరిచాడు. ఆ షాపు ఆయనది కాకముందు ఆయనకి పని నేర్పిన ముసలాయనది. ముసలాయన ఒక్కొక్కరి చూపుకీ ఒక్కో అట్ట చీటీ రాసి, చెక్కపెట్టెల్లో వరసగా పెట్టి, షాపుతో పాటు అప్పజెప్పి వెళ్ళాడు. ఊరందరి చీటీలూ తీసిన మనిషి తన చీటీ ఒక్కసారీ తీయలేదు. ఇవాళ తీశాడు. పదిహేడో ఏట ఆయన పేరున రెండు జోళ్ళు చేసినట్టు ఉంది. రెండిటికీ మధ్య ఇరవై మూడు రోజులే తేడా. రెండోదాని ఎదురుగా ముసలాయన చక్కటి రాతలో ఇలా ఉంది: పాతది పోయింది. అక్క వచ్చి చెప్పింది. ఎడమ కనుబొమ మీద కుట్లు, ఫ్రేము వదులుగా పెట్టాలి.

ఆ కుట్ల మచ్చ ఇప్పటికీ ఉంది. మెట్ల మీంచి పడ్డావని చెప్పింది అక్క. జ్వరంలో తూలి పడ్డావు, కళ్ళజోడు పగిలింది, వారం రోజులు స్పృహ లేదు అని. ఆ వారం ఆయనకి గుర్తులేదు. గుర్తులేని వారాన్ని అక్క ఎలా చెబితే అలా నమ్మాడు. పెళ్ళప్పుడు భార్యకీ అలాగే చెప్పాడు, మచ్చేమిటని అడిగిన ప్రతివాళ్ళకీ అలాగే చెప్పాడు. పగిలితే ముక్కలుండాలి. పగిలిందని ఇంట్లో చెప్పి, పోయిందని షాపులో ఎందుకు రాయించింది?

పోయింది కారులో. అంటే కారు నుజ్జయినప్పుడు తను అందులో ఉన్నాడు.

కుర్చీలో కూలబడి ఉండాల్సింది, కథల్లో అయితే. ఈయన చీటీని తీసినచోటే పెట్టాడు. యంత్రం మీద గుడ్డ కప్పాడు. కళ్ళజోడు చొక్కా జేబులో వేసుకుని, తలుపుకి తాళం పెట్టి, లాగి చూసుకుని, మళ్ళీ రోడ్డు దాటాడు. అన్నీ సవ్యంగానే చేశాడు. చేస్తున్నది తనేనని మాత్రం ఆయనకి తోచలేదు.

"మేస్త్రీ, ఈ బండిని ముక్కల కింద ఎవరైనా పట్టుకెళ్తారా?"

"పాతసామాను వాళ్ళు పట్టుకెళ్తారు. ఎప్పటికి?"

"ఇవాళే. ఆదివారం దాకా వద్దు. డిక్కీ మీద అక్షరాలు ముందే గీకేయండి."

"అక్కగారికి ఇస్తానన్నారు కదా?"

"ఇవ్వను. ఆవిడకి ఇది తెలియకూడదు." ఆయన మాటలు చీటీ చదివినట్టు వచ్చాయి. "ఇన్నేళ్ళు నా దగ్గర ఏదో దాచింది. దాచనివ్వండి. నాకు తెలిసిందని ఆవిడకి తెలిస్తే ఇంక నా మొహం చూడలేదు. ఆ కన్ను బాగయ్యేది నా మొహం చూడడానికే కదా."

అది ఆయన భయం. అక్కే ఆయనకి ఉన్న ఒక్క ఆస్తి. అక్క లేకపోతే ఆయన లేడు. నిజం పోతే పోనీ, అక్క పోకూడదు. మేస్త్రి సరేనని తలూపి, ఫోను కోసం జేబు తడుముకున్నాడు.

సరిగ్గా అప్పుడే షెడ్డు ముందు ఆటో ఆగింది.

ముందు దిగింది ఆయన భార్య. దిగుతూనే దోషిలా మొహం పెట్టింది. "నామీద ఎగరకండి. రెండు రోజుల నుంచి భోజనానికి రావడం లేదేమని వదినగారు చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. కారు కొన్నారని నోరు జారాను. నంబరు చెప్పమన్నారు. చెప్పాను. అంతే, చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరారు."

వెనక అక్క దిగింది. ఒక కంటికి తెల్లటి కట్టు, రెండో కంటికి నీడలు తప్ప ఏమీ ఆనవు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఎవరి చెయ్యీ అందుకోలేదు. గాల్లో చెయ్యి చాపి నాలుగడుగులు వేసేసరికి అరచేతికి కారు తగిలింది.

"అక్కా, ఎండలో ఎందుకొచ్చావు? ఆదివారం చూపిద్దామని..."

"ఊరుకోరా."

ఆవిడ చెయ్యి ముందు బానెట్టు మీద ఆగింది. కాసేపు నిమిరి, ముక్కూ మొహం తెలియనివాళ్ళని తాకినట్టు తీసేసింది. పైకప్పు అంచు పట్టుకుని వెనక్కి నడిచింది. మధ్యలో లప్పం గీకిన చోట వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. వెనక తలుపు దగ్గరికి వచ్చింది. రెండు రోజులుగా మేస్త్రితో కుస్తీ పట్టించిన తలుపు అది. అక్క పిడిని పైకెత్తింది, మోకాలితో కింద చిన్నగా తట్టింది. తలుపు కిర్రుమని తెరుచుకుంది. మేస్త్రి నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు.

అక్క లోపలికి వంగి సీటు కోసం తడిమింది. సీటు లేదు, వట్టి రేకు తగిలింది. ఆవిడ చెయ్యి ఆ రేకు మీద అలాగే ఉండిపోయింది.

"దిండు తీశారన్నమాట," అంది. "అయితే దొరికిందా?"

"ఏం దొరకాలక్కా?" కళ్ళద్దాలాయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"నీ కళ్ళజోడు. ఎంత వెతికానో. అప్పుడు నాకు దిండు ఎత్తాలని తోచలేదురా."

ఆయన భార్య ఏదో అడగబోతే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. కళ్ళద్దాలాయన జేబులోంచి కళ్ళజోడు తీసి అక్క చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని చూపుడువేలితో తడిమింది. ఎడమవైపు ఖాళీగా ఉన్న చోట వేలు ఇవతలి నుంచి అవతలికి వెళ్ళింది.

"నేను ఇందులోనే ఉన్నానా?" అన్నాడు తమ్ముడు.

"ఇటుపక్క. ఒళ్ళు కాలిపోతోంది నీకు. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. నీ తల నా ఒళ్ళో పెట్టుకున్నాను."

"నీ ఒళ్ళోనా? నువ్వు వెనక కూర్చున్నావా?"

అక్క తలూపింది. షెడ్డులో ఎక్కడో రేకు డబ్బాలోకి నీళ్ళు చుక్క చుక్కగా పడుతున్నాయి. కళ్ళద్దాలాయనకి మెల్లిగా, ఎవరో ఒక్కొక్క అద్దం మారుస్తూ కనిపిస్తోందా కనిపిస్తోందా అని అడుగుతున్నట్టు, విషయం స్పష్టమైంది. దోమ కుట్టినా కాలు తీయని మనిషి.

"మరి రెండో బ్రేకు మీద ఎవరున్నారక్కా?"

"ఎవరూ లేరు," అంది అక్క.

మూడు రోజుల తర్వాత మొదటిసారి కళ్ళద్దాలాయనకి ఏదో తగిలింది. కారుని పట్టుకుని నిలబడ్డాడు. తన కోసం తీసింది ఆ కాలు. తన తల ఒళ్ళో పెట్టుకోవడానికి.

"నడిపింది ఎవరు?"

అక్క కళ్ళజోడుని కొంగుతో తుడిచింది, ఉన్న ఒక్క అద్దాన్నీ జాగ్రత్తగా తుడిచింది. తర్వాత కట్టు కట్టిన మొహం తమ్ముడి గొంతు వినిపించిన వైపు తిప్పింది.

"ముందు నువ్వు చెప్పు. నీకీ కారు అమ్మినవాడి మొహం చూశావా?"

"లేదక్కా. ఫోన్లో గొంతు విన్నానంతే. మర్యాదగానే మాట్లాడాడు."

"ఏమన్నాడు?"

"ఏముందీ, బండి గురించే. లారీ ఎప్పుడొస్తుందో చెప్పాడు. ఆఖర్న, అక్కగారిని అడిగానని..."

ఆగిపోయాడు. తనకొక అక్క ఉందని ఆ మనిషికి తను ఎప్పుడూ చెప్పలేదు.